గన్నవరం దగ్గరపడని రోజు

రోజూ పొద్దున సింధూరి క్యారేజీ పట్టుకుని వీధి చివరికి వచ్చేసరికి నాగూర్ ఆటో సిద్ధంగా ఉండేది. ఆమె పనిచేసే చీరల కొట్టు బీసెంట్ రోడ్డులో. ఎక్కేముందు అతను ఆమె మొహం ఒకసారి చూసేవాడు.

"ఇవాళ భయంగా ఉందా అమ్మా?"

"కొంచెం ఉంది, నాగూర్ గారూ."

"అయితే గ్యాస్ కొట్టించుకునే పోదాం."

సింధూరికి భయం వేస్తే దూరాలు సాగిపోతాయి. ఆమె వెళ్ళే దారైనా, ఆమె దగ్గరికి వచ్చే దారైనా అంతే. హైదరాబాద్‌లో మొగుడి దెబ్బలు పడలేక, పటమటలో అక్క ఇంటికి వచ్చేసినప్పటినుంచీ ఇలా మొదలైంది. పాలవాడు కూడా ఆలస్యమైన రోజు, "రాత్రి అమ్మాయికి పీడకల వచ్చినట్టుంది" అనుకుని ఊరుకునేవాడు.

ఒక ఆదివారం ఆ మొగుడు, జయంత్, ఫోన్ చేశాడు.

"ఫ్లైటెక్కుతున్నా. గంటలో గన్నవరంలో దిగుతా. బట్టలు సర్దుకో. మీ అక్క అడ్డమొస్తే దాన్నీ వదలను."

సింధూరి ఫోన్ పట్టుకుని మంచం మీద ఓ చివర ముడుచుకుపోయింది. అదే మంచం మీద రెండో చివర కూర్చున్న అక్క ఉషశ్రీ, "భయపడకే, నేనున్నాగా" అంటూ చెయ్యి చాచింది. అందలేదు. ముందుకు జరిగింది. ఎంత జరిగినా చెల్లెలు అంత దూరంలోనే ఉంది. ఆ భుజాలు చిన్నగా, ఎక్కడో ఊరవతల కనబడుతున్నట్టున్నాయి.

గంట దాటింది. ఇంకో గంటా గడిచింది. వీధిలో ఏ కారు ఆగినా సింధూరి తలుపు గడియ వైపు చూసేది. ఉండబట్టలేక ఉషశ్రీ ఎయిర్‌పోర్టుకి ఫోన్ చేసింది.

"ఇంకా దిగలేదండీ," అన్నాడు అక్కడి ఉద్యోగి. "గన్నవరం ఎంతకీ దగ్గరపడటం లేదంటున్నారు పైలట్. ఎవరో గట్టిగా భయపడుతున్నట్టున్నారు. మీకు తెలిసినవాళ్ళయితే కాస్త ధైర్యం చెప్పండి."

ఉషశ్రీ ఫోన్ పెట్టేసి చెల్లెలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి ధైర్యమే చెబుతూ వచ్చింది.

"భయపడవే తల్లీ," అంది గట్టిగా, వినబడేలా. "నీకెంత భయమేస్తే అంత పడు."

మధ్యాహ్నానికి విమానం ఇంధనం చాలక హైదరాబాద్‌కే తిరిగి వెళ్ళిపోయింది. దిగగానే జయంత్ ఫోన్ చేశాడు. గొంతు మారిపోయింది.

"కింద కృష్ణా నది కనబడుతూనే ఉంది. అయినా దగ్గరికి రాలేదు. నువ్వేనా చేసింది?"

జవాబు కోసం ఆగలేదతను.

"కారులో వస్తున్నా," అని పెట్టేశాడు.

సింధూరి చెప్పులేసుకుంది. పోలీస్ స్టేషన్ పక్క వీధిలోనే ఉంది. అయినా వాళ్ళు నడుస్తూనే ఉన్నారు, గోడల వెంట, మూసిన కొట్ల వెంట. వెనక కారు హారన్ వినబడ్డప్పుడల్లా వీధి ఇంకాస్త సాగేది. పొద్దు వాలింది. ఉషశ్రీకి ఆయాసం వచ్చి ఓ అరుగు మీద కూలబడింది.

"రేపు వద్దామే."

"వద్దక్కా. మనకంటే వాడి దారే పొడుగు."

స్టేషన్‌లో లైట్లు వేశాక చేరారు. ఎస్సై ఆడమనిషి. ఇద్దరికీ మంచినీళ్ళిప్పించి, అంతా విని, జయంత్ కారుని హైదరాబాద్ రోడ్డులో కీసర టోల్‌గేట్ దగ్గరే ఆపమని ఫోన్ చేసింది. తర్వాత కాగితాలు ముందుకు లాక్కుంది.

"ఇంకా భయంగానే ఉందా అమ్మా?"

"ఉందండీ," అంది సింధూరి. "వాడింకా చాలా దూరంలో ఉన్నాడు. నిదానంగా రాసుకోండి."