వనజాక్షి హస్తవాసి

ఆసుపత్రి వరండా నేల మీద రెండు పసుపురంగు గీతలున్నాయి. వాటి మధ్య దూరం ఇరవై అయిదు అడుగులు. వనజాక్షి తడిగుడ్డతో వాటిని తుడిచి, చేతులు కొంగుకు ఒత్తుకుని, మెడలో వేలాడే స్టాప్‌వాచీని ఒకసారి నొక్కి చూసుకుంది. పదకొండేళ్లుగా పొద్దున ఎనిమిదింటికి ఆమె చేసే మొదటి పని అదే.

ఈ గీత దగ్గర బయల్దేరిన రోగి ఆ గీత చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రిజిస్టరులో రాయడం ఆమె ఉద్యోగం. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది పొరను తినేసి, మంచి వయసులో ఉన్న మనిషికి కాళ్లు మాట వినకుండా చేస్తుంది. అంత పేరు నోరు తిరగక భిలాయి ఉక్కు నగరంలోని క్యాంప్ 2 బస్తీ జనం దాన్ని వాచీ జబ్బు అంటారు, వనజాక్షి పుణ్యమా అని.

ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయి, ముప్ఫై రెండేళ్లకే మొగుడు పోయి, ఊడవడానికని ఇక్కడ చేరిన మనిషి. అంతవరకు ఆమెను చూసి మొహం విప్పార్చినవాళ్లు లేరు. నడక కొలిచే పని అప్పగించి డాక్టరు వాచీ చేతికిచ్చాక రోగులు ఆమె మొహంలోకి చూడటం మొదలుపెట్టారు. "ఎంతొచ్చినాది దీదీ?" అని బిక్కమొహంతో అడిగితే పదమూడు సెకన్లని చెప్పడానికి నోరు రాలేదు. మొదట ఒక సెకను తగ్గించింది. తర్వాత రెండు, మూడు. పోనుపోను బొటనవేలే ఆ పని నేర్చుకుంది. మనిషి నాలుగడుగులు వేస్తేగాని వాచీ నొక్కేది కాదు. దాంతో వనజాక్షి హస్తవాసి మంచిదని పేరొచ్చింది. ఆమె డ్యూటీలో ఉన్న రోజేదో కనుక్కుని మరీ పొరుగూరు ఉతై నుంచి వచ్చేవాళ్లున్నారు. జీవితంలో ఆమె సంపాదించుకున్న పేరు అదొక్కటే.

ఆ రోజు డాక్టరు సత్యమూర్తి పేడా మిఠాయి పెట్టెతో వచ్చాడు. ఆరేళ్లు కష్టపడి రాసిన పరిశోధనా వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది.

"చివర్న నీ పేరు కూడా వేశాను వనజమ్మా. అంకెలన్నీ నీవే కదా."

ఆమె సిగ్గుపడిపోయింది. "ఏటి రాసినారు బాబూ అందులో?"

"ఇంజెక్షన్ నెలనెలా అక్కర్లేదు, రెండు నెలలకోసారి చాలని. అలా ఇచ్చినవాళ్ల నడక ఏమీ తగ్గలేదని నీ రిజిస్టరే చెప్పింది. ఇక అందరికీ అలాగే ఇద్దాం."

వనజాక్షి మెడలోని వాచీని గుప్పిట్లో పట్టుకుంది. నడక తగ్గలేదని చెప్పింది రిజిస్టరు కాదు, తన బొటనవేలు. ఏదో చెప్పబోయేలోపే ఆయన నవ్వుకుంటూ గదిలోకి వెళ్లిపోయాడు.

పదకొండింటికి గోపాలం రావాలి. రైల్వేలో పనిచేసే మనిషి, రెండు నెలల ఇంజెక్షన్ వాళ్లలో ఒకడు. కిందటిసారి పదిహేడు సెకన్లు నడిస్తే తొమ్మిదని రాసింది. ఇవాళ అతనికి ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ రిజిస్టరుతోనే డాక్టరు ముందు నిలబడి నిజం చెప్పేయాలనుకుంది. ఉద్యోగం పోతే పోయింది.

పదకొండయింది. గోపాలం రాలేదు. పన్నెండు దాటాక అతని భార్య నూకమ్మ వచ్చింది. నుదుట బొట్టు లేదు.

"పోయి పద్దినాలయినాది వనజక్కా. బాత్‌రూములో పడిపోనాడు. తల గట్టుకి తగిలీసినాది."

వనజాక్షి తెరిచి ఉంచిన రిజిస్టరు మూసేసింది.

"తొమ్మిదొచ్చినాదని నువ్వు సెప్పినావు కదా, ఆ రోజు ఇల్లంతా తిరిగినాడు. డాకటరు బాబు కొనుక్కోమన్న కర్ర మూల నెట్టీసినాడు. వనజక్క సేతిలో తొమ్మిదొస్తే నాకింక కర్రెందుకే అన్నాడు." నూకమ్మ గొంతులో నింద లేదు. "ఆకరి రోజులు సంతోషంగానే ఉన్నాడు, నీ దయ."

చేతిలోని కర్రను గోడకు ఆనించింది. "ఇంకెవులికైనా అక్కరకొస్తాదని తెచ్చినాను" అని చెప్పి వెళ్లిపోయింది.

వనజాక్షి వాచీ తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది. అంతా చెప్పింది. ఆయన అచ్చయిన పేజీలు ముందుకు లాక్కున్నాడు.

"ఎంతమందికి తగ్గించావు?"

"గురుతు లేదు బాబూ. అడిగినోళ్లందరికీ."

ఆయన ఇంటికి వెళ్లమన్నాడు. ఆమె పసుపు గీతలు దాటుకుని ఎండలోకి దిగి, మళ్లీ వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయింది.

వరండాలో గోడకు ఆనించిన కర్ర అలాగే ఉంది. పిడి మీద దుకాణంవాడు అంటించిన చీటీ ఊడలేదు. కింద రబ్బరు బిళ్ల కొంచెమైనా అరగలేదు.