మూత కింది రంగు

రంగు విషయంలో నన్ను తప్పుపట్టిన మనిషి గోదావరిఖనిలో లేడు. ఈ మాట నేను మొన్న ఏప్రిల్ ముప్పయ్యో తారీఖు దాకా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

నా పేరు రమ. పెళ్లికి ముందు లక్ష్మీనగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్లో పదకొండేళ్లు పనిచేశాను. చీర తెచ్చి కౌంటర్ మీద పెడితే చాలు, గోడకున్న వందల జాకెట్ ముక్కల్లోంచి నా చెయ్యి నేరుగా దాని జోడీ మీదికే పోయేది. మా సేఠు నేర్పినవి రెండే. ట్యూబులైటు కింద రంగు చెప్పొద్దు, గుడ్డను బజార్లోకి తీసుకుపోయి ఎండలో చూడాలి. పాత చీరైతే పైపైన చూడొద్దు, ఫాల్ కుట్టినచోట మడత విప్పి లోపల చూడాలి. వెలిసిపోని రంగు అక్కడే ఉంటుంది.

పెళ్లయ్యాక మా ఆయన వీరేందర్ నడిపే రిమ్ముల దుకాణంలోకి వచ్చిపడ్డాను. వంకరపోయిన అల్లాయ్ చక్రాలను సరిచేసేది ఆయన, రంగు కలిపేది నేను. ఆడమనిషి చక్రాలకు రంగేంటని మొదట్లో జనం నవ్వారు. వెండి రంగంటే ఒకటే అనుకునే మగవాళ్లకు అందులో ఎన్ని రకాలున్నాయో పక్కపక్కన పెట్టి చూపించాక నవ్వడం మానేశారు. ఆ తర్వాత నాకు కొంచెం ఎక్కువైంది. బండి రోడ్డు దిగకముందే దాని చక్రాలది ఫలానా రంగని చెప్పేసేదాన్ని. "జర దగ్గరికి పోయి చూడరాదె" అని మా ఆయన అంటే నాకు కోపం వచ్చేది. అన్నట్టు నాకు కోపం ఎక్కువ. ఎంత ఎక్కువ అని అడిగినా వస్తుంది.

ఏప్రిల్ రెండో వారంలో లింగమూర్తి కాక తన తెల్లకారును మెల్లగా నడుపుకుంటూ వచ్చి మా దుకాణం ముందు ఆపాడు. కాక మా నాన్నతో ఒకే బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి, భూమి లోపల ఫిట్టరు. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకునే వచ్చాడు. అయినా కంటి అంచుల్లో బొగ్గు గీత అలాగే ఉంది. ఎంత సబ్బు రాసినా ఆ గీత పోదు. మా నాన్నకూ ఉండేది. మగవాళ్లకు కాటుక పుట్టుకతోనే వస్తుందని చిన్నప్పుడు నేను చాలాకాలం నమ్మాను.

లారీలు తిరిగే రోడ్డు మీద గుంతలో పడి కారు ముందు చక్రం రిమ్ము పగిలింది. దాని బదులు స్టెప్నీ బిగించుకుని వచ్చాడు. మూడు చక్రాలేమో అందమైన అల్లాయ్‌వి, నాలుగోది నల్లటి ఇనపది.

"చూసినవా బిడ్డా? నర్సింగం గాడు ఒక కాలుకు బూటు, ఒక కాలుకు చెప్పు అంటున్నడు. క్యాంటీన్ల పొద్దుందాక గదే ముచ్చట" అన్నాడు.

నర్సింగం కాకకు జోడీ. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకే షిఫ్టు. వాళ్ల ఎగతాళి ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నవ్వు ఆపుకున్నాను. కానీ కాక బాధ ఎగతాళి గురించి కాదు. ముప్పయ్యో తారీఖు ఆయన రిటైర్ అవుతున్నాడు. మా దగ్గర రిటైరయ్యే మనిషినీ, అతని భార్యనూ బాయి మీదే కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. ఆ తర్వాత తోటివాళ్లంతా డప్పులతో ముందు నడుస్తూ గేటు నుంచి ఇంటిదాకా తీసుకొస్తారు. చాలామంది అందుకోసం టాపు లేని జీపు మాట్లాడుకుంటారు.

"ముప్పై ఆరేండ్లు సైకిల్ మీద పోయిన, స్కూటర్ మీద పోయిన, బస్సుల నిలబడి పోయిన. ఆ ఒక్కనాడు నా సొంత కారుల మీ చిన్నమ్మను పక్కన కూసోబెట్టుకొని ఇంటికి రావాలె. రెండేండ్ల కింద సూర్యప్రకాశరావు సారు కాడ గీ పాత బండి కొన్నదే గందుకు. కని బూటు చెప్పుతోని మాత్రం రాను. నాలుగు ఒక్కతీరు లేకుంటె జీపు చెప్పుకుంట."

నేను కుర్చీలోంచే చక్రాల వైపు చూశాను. రెక్కల పైభాగం మెరుస్తోంది, రెక్కల మధ్య గుంతలు బూడిదరంగులో ఉన్నాయి. "డైమండ్ కట్" అని తేల్చేశాను. పైముఖాన్ని లేతు మిషను మీద చెక్కి మెరిపించి, గుంతలకు మాత్రం ముదురు రంగు వేసే రకం అది.

"నడిమి మూత తీసి చూద్దామా ఒకపారి?" అన్నాడు మా ఆయన.

"మ్యాచింగ్ సెంటర్ల పదకొండేండ్లు నువ్వు చేసినవా, నేను చేసిన్నా?"

ఆయన చేతిలోని పానా కింద పెట్టి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

విప్పేసిన కార్ల సామాన్లు అమ్మే కరీంనగర్ ఎల్లేశంకు ఫొటో పంపాను. అదే కారుది, అదే అచ్చుది, గీత కూడా పడని రిమ్మును నాలుగు రోజుల్లో బస్సులో వేసి పంపాడు. గోనెసంచి విప్పి చూస్తే అంతా ఒకటే వెండి. గుంతల్లో బూడిదరంగు మచ్చుకైనా లేదు. వెంటనే ఫోన్ అందుకున్నాను.

"ఎల్లేశం, కండ్లున్నయా నీకు? డైమండ్ కట్ అడిగితె ఉత్త సిల్వర్ పంపుతవా?"

"అక్కా, ఆ మోడల్‌కు గదే వస్తది. డైమండ్ కట్ దాంట్ల రానే రాలే."

"నాకు చెప్తున్నవా రంగుల గురించి?" అని ఇంకో రెండు మాటలు కూడా అన్నాను. అవి ఇక్కడ రాయను.

ఆ మంచి రిమ్మును గరుకు కాగితంతో రుద్ది, గుంతల్లో బూడిదరంగు కొట్టి, పైన మెరుపు కోసం క్లియర్ వేశాను. కారుకు బిగించి ఎండలో నిలబెడితే నాలుగు చక్రాలు ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. కాక కారు చుట్టూ రెండుసార్లు తిరిగినా కొత్తది ఏదో చెప్పలేకపోయాడు. ఆ వారమంతా నన్ను పట్టేవాళ్లు లేరు.

ముప్పయ్యో తారీఖు పొద్దున ఆరు కాకముందే ఫోన్ మోగింది. "బిడ్డా, జల్ది రా. మీ చిన్నమ్మ కొంప ముంచింది" అన్నాడు కాక.

స్కూటీ మీద కాలనీకి ఉరికాను. క్వార్టర్ ముందు కారు, పక్కన బకెట్టు, కొబ్బరి పీచు, గిన్నెలో చింతపండు పిప్పి. అనసూర్య చిన్నమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కాక డ్యూటీ బట్టల్లో నిలబడి అరుస్తున్నాడు.

ఊరేగింపు బండి కదా అని చిన్నమ్మ చీకటితోనే లేచి నాలుగు చక్రాలకూ చింతపండు పట్టించి, ఇత్తడి బిందెలు తోమినట్టు తోమింది. మూడు చక్రాల్లో గుంతల బూడిదరంగు నల్లనీళ్లై కారిపోయింది. అవి నిలువునా వెండిలా మెరుస్తున్నాయి. నాలుగోది, నేను రంగు వేసింది, ఎంత తోమినా బూడిదగానే ఉండిపోయింది.

"మూడింటికి రంగు ఊడగొట్టింది! నేను డ్యూటీకి పోవాలె, ఇప్పుడేం జేయాలె? జీపు నడిపే భూపాల్‌కు ఫోన్ చేసి చెప్తున్న. నా కారు నా ఇంటి ముంగటనే ఉంటది."

"మంచిగ మెరవాలని చేసిన" అంది చిన్నమ్మ నెమ్మదిగా. "గింత పని అయితదనుకోలే. నాదే తప్పు."

కాక నావైపు తిరిగాడు. "నువ్వే చెప్పు బిడ్డా, నీకు తెల్వని రంగు లేదు. చింతపండు పెడితె రంగు పోతదా, పోదా?"

పోతది అంటే అయిపోయేది. ఒక్క మాట. చిన్నమ్మ ఎలాగూ ఒప్పేసుకుంది, నా పేరు నిలబడేది. అబద్ధమెందుకు, ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. చిన్నమ్మ నా ముఖం చూడటం లేదు, తన చేతులే చూసుకుంటోంది. నేనూ వాటినే చూశాను. రంగు ఊడితే పెచ్చులుగా వస్తుంది. ఆ చేతుల మీద ఉన్నది మసి. నాన్న బట్టలు ఉతికిన రోజుల్లో మా అమ్మ చేతుల మీద నేను రోజూ చూసిన నలుపు.

కారు దగ్గర కూర్చుని, తోమిన చక్రం నడిమి మూత కింద స్కూటీ తాళంచెవి దూర్చి పెకిలించాను. మూత చీలి ఊడివచ్చింది. దాని కిందికి చింతపండు చేరలేదు, దుమ్మూ చేరలేదు. అక్కడ కూడా వెండే. అచ్చంగా ఎల్లేశం పంపిన వెండి.

అప్పుడు అంతా అర్థమైంది. ఈ కారును కాక కొనకముందు సూర్యప్రకాశరావు సారు ఆరేళ్లు ఓపెన్‌కాస్ట్ గని పక్కన ఆఫీసు ముందు నిలబెట్టాడు. తుడిచినప్పుడల్లా గుడ్డ తగిలే రెక్కలు మెరుస్తూ వచ్చాయి, గుడ్డ చేరని గుంతల్లో బొగ్గు పేరుకుని గట్టిపడింది. నేను ఆ బొగ్గుకు జోడీ కలిపాను. గోరుతో గీసి చూసినా లేతు గీతలు లేవని తెలిసేది. పాత చీరకు మడత విప్పమన్న సేఠు మాట పాత చక్రం దగ్గర నాకు గుర్తే రాలేదు.

"కాకా, రంగు పోలే. బొగ్గు పోయింది" అన్నాను. "చిన్నమ్మ తప్పు పిసరంత లేదు. నేనే కుర్చీల కూసొని బొగ్గును చూసి రంగనుకున్న. మంచి రిమ్మును ఖరాబు చేసింది నేను."

ఇలాంటి మాట నా నోటివెంట రావడం అదే మొదలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కాక చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె కాళ్ల దగ్గరున్న బకెట్టు తీసి పక్కన పెట్టాడు.

"మూడు గంటలకు నీ కారు బాయి గేటు కాడ ఉంటది. జీపు చెప్పకు" అన్నాను.

"నాలుగు ఒక్కతీరు ఉంటయా?"

"లేకుంటె మళ్ల నా మొకం చూడకు."

కారును దుకాణానికి తెప్పించి, నేను రంగేసిన చక్రం విప్పి థిన్నర్‌తో మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో వేసిన రంగు వేడికి కాలి గట్టిపడి ఉంటుంది, థిన్నర్‌కు లొంగదు. నేను వేసింది లొంగుతుంది. గుంత తర్వాత గుంత గుడ్డతో తుడుస్తుంటే కిందినుంచి వెండి బయటపడుతూ వచ్చింది. గరుకు కాగితంతో నేను మసకబార్చిన పాపానికి పైన మళ్లీ క్లియర్ కొట్టి ఎండలో పెట్టాను. ఏడాదంతా తిట్టుకునే రామగుండం ఎండకు ఆ రోజు దండం పెట్టుకున్నాను. చీలిన మూతను ఆ పూటకు జిగురుతో అతికించాను. నడిమి మూత సంగతి మా ఆయన పొద్దున్నుంచీ ఎత్తలేదు. చివరికి నాకే ఆగలేదు.

"అను, ఏమనాల్నో అను" అన్నాను.

"గొడుగు పట్టన్నా? ఎండల ఉన్నవ్" అన్నాడు. అలాంటి మనిషితో కొట్లాడటం కూడా కష్టమే.

చక్రం ఆరేలోపు ఎల్లేశంకు ఫోన్ చేశాను. "నువ్వు పంపిందే కరెక్టు ఎల్లేశం. నేనే నీ మీద ఊకె ఒర్రిన."

"ఎవలు మాట్లాడేది?" అన్నాడు.

"రమక్కనే."

"గొంతు గుర్తుపట్టలే అక్కా" అన్నాడు. పడాల్సినవే కదా, పడ్డాను.

మూడుకు ఇంకా పది నిమిషాలున్నాయనగా మా ఆయన కారును గేటు ముందు నిలబెట్టాడు. నాలుగు చక్రాలూ ఎండలో ఒక్కలా మెరుస్తున్నాయి. శాలువాలతో, మెడ నిండా బంతిపూల దండలతో కాకా చిన్నమ్మా బయటికి వచ్చారు. నర్సింగం కాక అందరికంటే ముందు వచ్చి, కారు చుట్టూ తిరిగి, ప్రతి చక్రం దగ్గరా వంగి చూశాడు.

"నాలుగు బూట్లే!" అని అరిచి డప్పుల దగ్గరికి పోయి చిందేయడం మొదలుపెట్టాడు.

లింగమూర్తి కాక మాత్రం కారు ఎక్కలేదు. తలుపు పట్టుకుని నిలబడి, డప్పులను చేత్తో ఆపించాడు. "మంచిగున్నయా చక్రాలు? పొద్దుగాల మా ఇంటామె లేచి తోమింది. దాని చేతి మహిమ గది" అన్నాడు, గేటు దాకా వినిపించేలా. పొద్దున తిట్టిన తిట్లన్నిటికీ అది సమాధానమని చిన్నమ్మకూ నాకూ తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి ఎక్కింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాక తన సొంత కారులో, భార్య పక్కన కూర్చుని ఇంటికి వెళ్లాడు.

జూన్‌లో ఒక సాయంత్రం మా దుకాణం ముందు తెల్లకారు ఆగింది. నేను విరగ్గొట్టిన మూత బదులు కొత్తది వచ్చిందని పొద్దున్నే కబురు పెట్టాను. డ్రైవరు సీట్లోంచి ఎవరో పెద్దమనిషి దిగాడు.

"ఏం కావాలె సార్?" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వును బట్టి గుర్తుపట్టాను, లింగమూర్తి కాక. కంటి అంచుల్లో బొగ్గు గీత లేదు. రెప్పల కింద శుభ్రంగా, తేటగా ఉన్న ఆ కళ్లను పుట్టి బుద్ధెరిగాక నేను ఎన్నడూ చూడలేదు.

"నీ కన్ను మళ్ల తప్పింది బిడ్డా" అన్నాడు.

పక్కసీట్లోంచి అనసూర్య చిన్నమ్మ తల బయటికి పెట్టింది. "దాని తప్పేం లేదు. పెండ్లయిన నెలకే బాయిల చేరిండు. గీ కండ్లు నేను గూడ ఒక్క నెలనే చూసిన" అంది. తర్వాత కాక వైపు తిరిగి, "ఇగ ఇప్పుడు రోజు చూస్తున్న" అంది.

కాక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, మూత సరిగ్గా బిగిసిందా లేదా అని చేత్తో నొక్కి చూసుకున్నాడు. ఆ కొత్త మూత అప్పటికింకా నా చేతిలోనే ఉంది.