గడియ లోపలికి మారింది

నేను ఒక ఇనుప గడియను. కోరుట్ల దగ్గర ఒక పల్లెలో, కమ్మరి కొలిమిలో పుట్టాను. విరిగిన లారీ పట్టీని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి నన్ను చేశారు. మొదట కొన్నేళ్లు ఒక మేకల కొట్టానికి కాపలా ఉన్నాను. మేకలు లోపల, తోడేలు బయట. ఎవరు ఎటువైపు ఉండాలన్న సందేహమే లేని ఉద్యోగం. ఆ కొట్టం కూలిపోయాక పాత ఇనుము దుకాణంలో పడి ఉంటే, భూమేశ్ అనే మనిషి నన్ను ఏరుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టిగుంది" అన్నాడు. ఇనుమైనా పొగడ్తకు లొంగుతుంది. సంబరంగా అతని వెంట వెళ్లాను.

అతను నన్ను తలుపుకు బయటివైపు బిగించాడు.

ఆ ఇల్లు అతని భార్య గంగామణిది. తల్లి ఆమె పేరిట రాసిచ్చిన రెండు గదుల పెంకుటిల్లు. ఆమె బీడీలు చుట్టేది. భూమేశ్ పొద్దున్నే ఆమెను లోపల ఉంచి, నన్ను లాగి, తాళంకప్ప వేసి పోయేవాడు. ఎవరైనా అడిగితే, "కాలం మంచిగ లేదు, ఆడమనిషి ఒక్కతే ఉంటది గద" అనేవాడు. ఎంత ప్రేమో అని విన్నవాళ్లు తలూపేవారు. సాయంత్రం అతను తిరిగి వచ్చాక లోపలినుంచి దెబ్బల చప్పుడు వినిపించేది. అప్పుడు ఇరుగుపొరుగు టీవీ సౌండు పెంచేవారు. నేను బయట నిలబడి తోడేలు కోసం వీధివైపు చూస్తుండేదాన్ని. తోడేలు రోజూ నన్ను తీసే లోపలికి పోతోందని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక ఎండాకాలం గంగామణికి జ్వరం వచ్చింది. బిందెలో నీళ్లు అయిపోయాయి. వెనక కిటికీ ఊచలు పట్టుకుని పిలిచింది. పక్కింటి నర్సవ్వ కూడా ఇన్నాళ్లూ టీవీ సౌండు పెంచినవాళ్లలో ఒకతే. ఆ రోజు మాత్రం ఆమెకేమైందో, పెద్ద రాయి పట్టుకొచ్చి, "సచ్చిందాక సూస్తమా ఇగ!" అంటూ తాళంకప్పను పగలగొట్టింది.

తర్వాత ఆసుపత్రి, పోలీసులు, కేసు. భూమేశ్ ఆ గడప తొక్కకూడదని కోర్టు చెప్పింది. మహిళలకు సాయం చేసే కేంద్రం నుంచి శ్యామల మేడం వచ్చి, కొన్నాళ్లు హాస్టల్లో ఉంటావా అని అడిగింది.

"కొట్టినోడు ఊళ్లె దర్జాగ తిరుగుడు, దెబ్బలు తిన్న నేను మూట గట్టుకొని పోవుడా?" అంది గంగామణి. "ఇది మా అవ్వ ఇచ్చిన ఇల్లు మేడం. నేను పోను."

శ్యామల తలుపును తట్టి చూసి, "సరే. అయితే ఇంటినే గట్టి చేద్దాం" అంది.

నన్ను లోపలికి మార్చమంటే వడ్రంగి రేపన్నాడు, ఎల్లుండన్నాడు. భూమేశ్ అతని దోస్తు. గంగామణి అతన్ని మళ్లీ అడగలేదు. స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చుకుని, బొబ్బలెక్కిన చేతులతో నన్ను తనే ఊడదీసి, తనే లోపల బిగించింది. కాస్త వంకరగా బిగించింది. ఏ వడ్రంగీ నన్ను అంత ఇష్టంగా బిగించలేదు. వెనక కిటికీకి జాలీ వేయించారు. గంగామణి పల్లెం మోగించిందంటే ఉన్నవాళ్లు ఉన్నట్టే పరుగెత్తి రావాలని, ఒకరు పోలీసులకు ఫోన్ చేయాలని గల్లీ ఆడవాళ్లు మాట అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం భూమేశ్ రానే వచ్చాడు. వెంట అతని అక్క లసుమవ్వ.

"గంగా, ఆకలైతుందే. జర తలుపు తియ్యి. తప్పయింది, ఇంకోసారి చెయ్యి లేపితే ఒట్టు."

ఆమె వేళ్లు నా మీదికి వచ్చాయి. చెమటతో తడిసి ఉన్నాయి. నేనెంత గట్టిదాన్నైనా, లోపలి చెయ్యి లాగితే జారిపోవాల్సిందే. దెబ్బలు పడిన ప్రతి రాత్రి మర్నాడూ ఆమె విన్న గొంతే అది. ఎంత తియ్యగా ఉందంటే, నాకే తీద్దామనిపించింది.

వేళ్లు నన్ను వదిలేశాయి. "ఆకలైతే హోటలున్నది, పో" అందామె.

తియ్యదనం అక్కడితో సరి. తలుపు మీద తన్నులు మొదలయ్యాయి. నా స్క్రూ ఒకటి ఊడి కింద పడింది. గంగామణి వీపును తలుపుకు ఆనించి, పల్లెం అందుకుని గరిటెతో మోగించింది.

పిండి చేతులతో ఒకతె, తడి జుట్టుతో ఒకతె, చంకలో పిల్లతో ఒకతె, గల్లీ అంతా కదిలి వచ్చింది.

"నా ఇల్లు, నా పెళ్లాం, నడుమ మీదేంది?" అరిచాడు భూమేశ్.

"ఇల్లు ఆమెది. ఆమె ఎవలి పెళ్లామో ఆమెనే చెప్తది. నువ్వు మెట్టు దిగు" అంది నర్సవ్వ.

అతను దిగలేదు. ఎవరూ కదలలేదు. చివరికి పోలీసు జీపు వచ్చింది. కోర్టు మాట దాటినందుకు అతన్ని ఎక్కించుకుపోయింది.

లసుమవ్వ వాకిట్లోనే నిలబడి శాపం పెట్టినట్టు అంది: "ఎన్నాళ్లు గిట్ల తలుపేసుకొని కూసుంటవే?"

గంగామణి నన్ను లాగింది. రెండు రెక్కలూ బార్లా తెరిచి, బీడీ ఆకు చాట పట్టుకుని గడప మీదికి వచ్చి కూర్చుంది.

"ఎవలన్నరు ఏసుకొని కూసుంటనని? నా తలుపు. ఏసుకోబుద్ధైతే ఏసుకుంట, తియ్యబుద్ధైతే తీస్త."

కత్తెర తీసి ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆకు తిన్నగానే తెగుతోంది. ఎండ, గాలి, నర్సవ్వ కోడిపెట్ట ఆమె పక్కనుంచి లోపలికి వచ్చిపోతున్నాయి. నేను తలుపుకు ఊరికే వేలాడుతూ, ఎవరినీ ఆపలేదు.