డాలీ పట్టే చెయ్యి

కార్లకు రంగులు కొట్టేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. పైపూత మెరిస్తే చాలు వాళ్లకు, లోపల ఇనుము ఏమైపోయినా పట్టదు. నాది టింకరింగు పని. కృష్ణగిరిలో హోసూరు రోడ్డు పక్కన నా షెడ్డు. నలిగిన ఇనుముతో, తుప్పు తిన్న ఇనుముతో కుస్తీ పట్టడం మొదలుపెట్టి యాభై ఏళ్లు కావస్తోంది.

మామిడికాయల సీజను అయిపోయాక ధనశేఖర్ తన తండ్రి నడిపిన పద్మిని కారును లాగించుకొచ్చాడు. డెబ్బై ఎనిమిది మోడలు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒక పొడవాటి ఇనుప పెట్టె ఉంటుంది. మేం దాన్ని గడప అంటాం. బండిని విరగకుండా నిలబెట్టేది అదే. కుడిపక్క గడపను స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా పొడైంది.

"కొత్తది యాడైనా దొరుకుతుందా తిమ్మరాజన్నా?" అన్నాడు ధనశేఖర్.

"దొరకదప్పా. చేసుకోవాల్సిందే."

చేశాను. రేకు వంచి, గడప తయారుచేసి అతికించాను. వెల్డింగు వేడికి రేకు ముడుచుకుపోయింది, తలుపు పట్టలేదు. కోసేసి మళ్లీ చేశాను. మళ్లీ అదే కథ. బయట నేను సుత్తితో కొడుతుంటే, లోపలి నుంచి సరిగ్గా అదే చోట డాలీ ఆనించాలి. డాలీ అంటే అరచేతిలో ఇమిడే ఇనుప దిమ్మ. పట్టేవాడికి సుత్తి కనపడదు. దెబ్బ ఎక్కడ పడబోతుందో వాడికి ముందే తెలియాలి. నా దగ్గర పనిచేసే మురుగన్ మంచివాడే, కానీ దెబ్బ పడ్డాక డాలీ జరుపుతాడు. దాంతో ఎవరికి లాభం?

మూడోసారి కూడా చెడితే వెల్డింగు పట్టడానికి మంచి ఇనుము మిగలదు, బండి తుక్కులోకే పోవాలి. ఆ మాట చెప్పేసరికి ధనశేఖర్ బానెట్టు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. నాకు నా మీదే కోపం వచ్చింది. ఈ పని చేయగలవాడు ఒకడున్నాడు, కొండప్ప. వాడితో మాట్లాడి పదహారేళ్లయింది.

మేమిద్దరం పని నేర్చుకున్నది జూజువాడి చెక్‌పోస్టు దగ్గర, కోదండరామయ్య మేస్త్రి షెడ్డులో. రోడ్డు పొడుగునా లారీలు నిలిచేవి. డీజిలు వాసనలో కూర్చుని ఒకే క్యారియరులో రాగిసంగటి తినేవాళ్లం. ఇప్పుడు ఏ హోటల్లో తిన్నా ఆ రుచి లేదు, ఆ ఆకలీ లేదు. లారీ చాసీలకు కరెంటు వెల్డింగు పెట్టేటప్పుడు, ఆ వెలుగుకు కళ్లు పోకుండా అడ్డం పెట్టుకోవడానికి షెడ్డంతటికీ ఒక్కటే నల్లద్దం. వెల్డింగు నాది కాబట్టి అద్దమూ నాదే. అతికే ఇనుప ప్లేటును కదలకుండా పట్టుకునేది కొండప్ప. మొహం తిప్పుకోమంటే, "తిప్పుకుంటే ప్లేటు జరుగుతుందప్పా" అనేవాడు. సాయంత్రానికి వాడి కళ్లు ఎర్రగా వాచిపోయేవి. నేను వేళాకోళం చేసేవాణ్ని.

మేస్త్రి పోయాక ఇద్దరం కలిసి కృష్ణగిరిలో షెడ్డు పెట్టాం. కొన్నేళ్లకు కొత్త బోర్డు రాయిస్తూ నా పేరొక్కటే పెట్టించాను. చోటు చాలలేదన్నాను. వాడు బోర్డును ఒకసారి చూసి, సుత్తుల సంచి భుజాన వేసుకుని మత్తూరు బస్సెక్కాడు. వెనక్కి పిలవడానికి నాకు పొగరు అడ్డమొచ్చింది.

ధనశేఖర్ జీపులో మత్తూరు వెళ్లాం. కొండప్ప భార్య చిక్కమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"ఇన్నేండ్లకు దారి కనపడిందా అన్నా?" అంది.

కొండప్ప అరుగు మీద ఉన్నాడు. నా సంగతంతా విని, "గడప ఎన్నిసార్లు కోసినావు?" అన్నాడు.

"రెండుసార్లు."

"తలుపులు మూసి, బండి వంగకుండా అడ్డకమ్మి పెట్టి కోసినావా?"

"పెట్టినాను."

"అయితే డాలీ పట్టినోడిది తప్పు. పోదాం పా." లేచి, చెయ్యి చాచి నిలబడ్డాడు. ఎందుకు చాచాడో నాకు అర్థం కాలేదు.

"పట్టుకో అన్నా," అంది చిక్కమ్మ. "కండ్లు పోయి మూడేండ్లాయె."

"షుగరప్పా," అన్నాడు వాడు, నేనేమీ అడగకముందే.

దారంతా ఆ చెయ్యి వదల్లేదు. షుగరో ఏమిటో నాకు తెలుసు.

షెడ్డులో వాడు కారు లోపల పక్కకు పడుకుని, కోసిపెట్టిన నేలరేకు సందులోంచి డాలీ దూర్చాడు. నేను అతుకు పెట్టి సుత్తి ఎత్తాను. చెయ్యి దిగలేదు.

"ఏమప్పా, పోయింది నా కండ్లా, నీ చెయ్యా?" లోపలి నుంచి గొంతు. "డాలీ ఎవడైనా చూసి పడతాడా? కొట్టు."

కొట్టాను. డాలీ మీద పడ్డ దెబ్బ గట్టిగా టంగుమంది. జానెడు పక్కన కొట్టాను. అక్కడా ఉన్నాడు. ఎక్కడ కొట్టినా నాకంటే ముందే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ మోతలో వినపడదులే అనుకున్నాను.

"ముక్కు తుడుచుకొని కొట్టు," అన్నాడు.

మూడు గంటలకు తలుపు ఒక్క వేలితో తోస్తే పట్టింది. ధనశేఖర్ తెరిచి మూసి, తెరిచి మూసి చూస్తున్నాడు. నేను కొండప్పను లేపి నిలబెట్టి, "కొండా, ఆ నల్లద్దం నీకు ఇయ్యాల్సింది," అన్నాను.

"షుగరన్నాను గదా," అని చెయ్యి విడిపించుకున్నాడు. బండిని తడుముకుంటూ అవతలికి వెళ్లి, ఎడమ గడపను వేళ్లతో తట్టాడు. చివరిదాకా తట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఈ పక్క గూడా తినేసిందప్పా. నువ్వు చూసుకోలేదు. రేపు కోయాల."

నేనూ వంగి తట్టాను. గట్టి ఇనుము. ఇంకో ఇరవై ఏళ్లు దానికి ఢోకా లేదు. కొండప్ప చెవి ఇనుము దగ్గర ఏనాడూ తప్పలేదు. ధనశేఖర్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"అవునప్పా, బాగా తినేసింది," అన్నాను. "పొద్దున తొమ్మిదికి వస్తాను, తయారుగా ఉండు."