సగం పూడ్చిన నుయ్యి

తుఫాను తరువాతి వేసవిలో, మలికిపురానికి దిగువన సముద్రం చేరువనున్న ఊళ్లో, కామేశ్వరి ఇంటి నుయ్యి ఉప్పెక్కింది. తాగడానికి మరో ఆధారం లేదు. లోతు తవ్వించినకొద్దీ ఉప్పు పెరిగింది. ఇసుకనేలలో వాననీరు తేలికై పైన నిలుస్తుందనీ, అడుగున తగిలేది సముద్రమేననీ ఆమె గ్రహించింది.

"అత్తయ్యగారూ, అడుగంతా ఇసుకతో పూడ్పించేద్దామండీ."

"నుయ్యి పూడిస్తే పాపం! నలుగురూ నవ్విపోతారే."

"ఉప్పునూతికి పుణ్యమెక్కడిదండీ?"

సగానికి పూడ్పించి, ఒక్కసారిగా లాగితే అడుగు ఉప్పు పైకొస్తుందని నూతి మోటారు తీయించి, చేదతోనే తోడించింది. వానలు వెళ్లాక అత్తగారు దోసిలి పట్టి తాగి, గోడవతలికి కేకేసింది:

"బంగారమ్మొదినా, బిందె పట్రా! మా కోడలు పూడ్చిన నుయ్యి తియ్యగా ఊరింది!"