రేడియోలో మాలకొండమ్మ

మా వాకాడులో వరినాట్లప్పుడు పాట ఎత్తుకునేది ఎప్పుడూ మాలకొండమ్మే. వెనక వంత పాడేవాళ్లకు ఊపిరి తీసుకునే సందు ఇవ్వదని ఆమె తోడికోడలు ఆదిశేషమ్మ సణుగుతూ ఉండేది. ఆ ఏడు తెగించి అడిగేసింది.

"రేపటి నాట్లకు పాట నేనెత్తుకుంటా అక్కా."

"నా పాటకేం వచ్చిందే? సాయంత్రం రేడియోలో వస్తదిగా, అప్పుడు తేల్చుకుందాం."

అంతకు ముందు నెలలో మద్రాసు నుంచి రేడియో వాళ్లు వచ్చి, మా వసారాలోనే ఆ పాట రికార్డు చేసుకుని వెళ్లారు. సాయంత్రం అందరూ మా రేడియో ముందు చేరారు. ఎవరి గొంతు వాళ్లకు ఎలా వినిపిస్తుందో చూడాలని నాకూ కుతూహలంగా ఉంది.

పాట మొదలైంది. ఎత్తుకున్న పాటకు వంత అందకపోతే పైరు కుదురుకోదని మా వైపు నమ్మకం. అందుకే వినడానికి వచ్చిన వాళ్లంతా రేడియోకే వంత అందుకున్నారు. ఏనాడూ వంత పాడి ఎరగని మాలకొండమ్మ కూడా గొంతు కలిపింది. రెండు చరణాలకే రొప్పుతూ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎవతమ్మా ఇది? ఊపిరన్నా తీసుకోనీదే!"

"నువ్వే అక్కా!" అంది ఆదిశేషమ్మ.

వసారా అంతా నవ్వులు. మాలకొండమ్మ మాత్రం పాట అయ్యేదాకా రేడియోకేసి గుర్రుగా చూసింది.

"రేపు నువ్వే ఎత్తుకో. నాకు సందు ఇయ్యకపోయినావో, చెప్తా నీ పని!"