ఆకలి వెలుగు

చీకటి గదిలో సీసా ఆ రోజూ వెలగలేదు.

"ఏమ్మా, మీ చెల్లెలి దీపానికి మళ్ళీ కరెంటు కోతేనా?" అన్నాడు ల్యాబ్ పెద్దాయన. అనేశాక నాలిక కరుచుకున్నాడు. చెల్లెలు పోయి నెలైనా కాలేదు.

అక్క సీసాను మెల్లగా కదిపి చూసింది. ఆ సీసాలోని బ్యాక్టీరియాను తీర్చిదిద్దింది చెల్లెలే. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం బయట దొరికితే బ్యాక్టీరియా దాన్ని సొంతంగా వండుకోదు. ఆ పని చేసే జన్యువులకు తాళం వేసుకుంటుంది. దొరకనప్పుడు తాళం తీస్తుంది. ఆ తాళం కిందే చెల్లెలు వెలుగునిచ్చే జన్యువొకదాన్ని చేర్చింది. "ఆకలేస్తే వెలుగుతుందక్కా, కడుపు నిండితే ఆరిపోతుంది," అని మురిసిపోయేది.

ఇప్పుడు సీసాలో ఆ ఆమ్లం లేదు. నీళ్ళు, ఉప్పులు, చక్కెర అక్కే కలిపింది. గది తాళంచెవి ఆమె కొంగునే ఉంది.

"దీనికెవరో తిండి పెడుతున్నారండీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించినా తిరిగి చూడలేదు.

"ఎవరు పెడతారమ్మా? ఈ వారంలో వెలగకపోతే పారేద్దాం. చెడిందాన్ని దాచుకోలేం కదా."

అక్క సీసాలోంచి చుక్క తీసి, ఆ ఆమ్లం లేని మేత గడ్డకట్టించిన గాజు పళ్ళెంలో పలచగా గీసింది. రెండు రోజులకు రెండు రకాల మచ్చలు మొలిచాయి. కొన్ని వెలుగుతున్నాయి. కొన్ని నల్లగా ఉన్నాయి. నల్లవాటి పక్కనున్నవన్నీ ఆరిపోయి ఉన్నాయి.

పెద్దాయన వంగి చూశాడు. "ఇది పక్క అరలోది! తాళం విరిగిన రకం. కడుపు నిండినా వండుతూనే ఉంటుంది, ఎక్కువైంది బయటికి కారుస్తుంది. ఇందులో ఎలా కలిసింది?"

ఆఖరి రోజుల్లో చెల్లెలి చెయ్యి వణికేది. ఆ మాట అక్క బయటికి అనలేదు.

వెలిగే మచ్చను ఒక్కదాన్నే తీసి కొత్త సీసాలో పెంచింది. మర్నాటికి గది గోడలు కూడా లేత నీలంగా కనిపించాయి. పెద్దాయన వెలుగు కొలిచే మీటరు చూసి, కొంత ద్రవం గడ్డకట్టించి భద్రం చేశాడు.

"గట్టిదే మీ చెల్లెలు! ఇక నిశ్చింత," అన్నాడు.

అక్క ఆ వెలుగు వంక చూడలేకపోయింది.

"ఈ మిగిలినదానికి ఇప్పుడు తిండి పెట్టొచ్చా అండీ?"

"పెట్టమ్మా," అన్నాడాయన మెల్లగా.

ఆమె ఆమ్లం చుక్కలు వేసి, తలుపు వేసుకుని, గది పూర్తిగా చీకటయ్యేదాకా సీసా పక్కనే కూర్చుంది.